వేలిజాడకు అందని ఓటు

ప్రతి ఉదయం ప్రయోగశాల తలుపు తీయగానే నవనీత మొదట పలకరించేది వాళ్ళమ్మ వేళ్ళను. గాజు సీసాలోంచి అరచేతి వెడల్పు తెల్ల అట్టముక్క తీసి, కుట్టుమిషనంత యంత్రం నోట్లో పెట్టి మీట నొక్కేది. యంత్రం ఆ అట్ట మీదుగా సన్నగా గాలి పీల్చి, ఒక నిమిషం ఆలోచించి, తెర మీద పేరు రాసేది: శెట్‌పల్లి నర్సుబాయి, ఎర్రచెల్క. పేరు సరిగ్గా వచ్చిందంటే యంత్రం కుదురుగా ఉన్నట్టే. పాటగాళ్ళు శ్రుతి చూసుకున్నట్టు రోజూ అమ్మ పేరుతో యంత్రాన్ని సరిచూసుకోవడం ఆమెకు అలవాటైపోయింది. ఇలాంటి భాగ్యం హైదరాబాదులో మరే శాస్త్రవేత్తకూ లేదని లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది.

ఆ యంత్రం పేరు వేలిజాడ. అది కోపంలోంచి పుట్టింది. నర్సుబాయి పదేళ్ళ వయసులో చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. నలభై ఎనిమిదేళ్ళు చుట్టింది. ఊపిరి ఆడక దవాఖానకు వెళితే, "నీ పేరు కంపెనీ పట్టీలో లేదమ్మా, నువ్వు బీడీ కార్మికురాలివి కావు" అన్నారు. వాళ్ళ తప్పు లేదు. ఇంటింటికీ ఆకు, పొగాకు పంచి బీడీలు చుట్టించే టేకేదారు లింబాద్రి ఆమె చుట్టిన బీడీలన్నీ ఇంకెవరి పేరు మీదో రాయించాడు. ఎర్రచెల్కలో అలా పేరు లేకుండా పోయిన ఆడవాళ్ళు మూడు వందల పన్నెండు మంది.

బీడీలు చుట్టే వాళ్ళ చర్మంలోకి పొగాకు దిగుతుంది. ఒక్కొక్కరి ఒంట్లో అది ఒక్కో తీరుగా మారి, చెమటతో కలిసి, ముట్టుకున్న కాగితం మీద కంటికి కనపడని మరక వదులుతుంది. ఏ ఇద్దరి మరకా ఒకటి కాదు. దాన్ని చదవడం యంత్రానికి నేర్పడానికి నవనీతకు తొమ్మిదేళ్ళు పట్టింది. ఊళ్ళో అందరినీ కూర్చోబెట్టి తలా ఒక అట్టముక్క పట్టించింది. వాటిని కంపెనీ గోదాములో పడి ఉన్న పాత బీడీకట్టల చుట్టుకాగితాలతో పోల్చి, ఈ కట్ట కట్టింది నర్సుబాయి, ఆ కట్ట కట్టింది పోసవ్వ అని ఒక్కొక్కటీ తేల్చి చూపించింది. కంపెనీ వకీళ్ళు నోరెళ్ళబెట్టారు. అందరికీ దవాఖాన కార్డులు వచ్చాయి. కంపెనీ ఊరుకోలేదు, పైకోర్టుకు వెళ్ళింది. ఆ వ్యాజ్యం అక్కడ ఇంకా నడుస్తూనే ఉంది.

కార్డులు వచ్చిన రోజు ఊళ్ళో నవనీతకు సన్మానం చేశారు. కాకి పిల్ల కాకికి ముద్దు అంటారు కదా, మైకు చేతికి రాగానే ఆమె ఆగలేకపోయింది. "ఏ కాగితమన్నా తెండి, మన ఊరి ఆడోళ్ళు ముట్టుకున్నదైతే నా మిషిన్ పేరు చెప్తది" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే ఎక్కువసేపు కొట్టినవాడు లింబాద్రి.

మరుసటి ఏడు పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. సర్పంచి పదవికి లింబాద్రి తమ్ముడు గంగాధర్ కత్తెర గుర్తు మీద నిలబడ్డాడు. ఎదురుగా ఉంగరం గుర్తు మీద నిలబడింది బాలమణి, తానూ బీడీలు చుట్టే మనిషే. బీడీ ఆడవాళ్ళంతా కత్తెర జెండాలు మోశారు. నర్సుబాయి కూడా మోసింది. ఫోనులో కూతురు అలిగితే, "ఆకు ఇచ్చేటోని జెండా మొయ్యకుంటె రేపు ఆకెట్ల ఇస్తడు బిడ్డా? జెండ మోసుడు ఏరు, ఓటు గుద్దుడు ఏరు" అని మందలించింది.

లెక్కింపు రోజున పెట్టె బోర్లించిన సిబ్బంది ఒకరి మొహం ఒకరు చూసుకుని పక్కున నవ్వారు. ఓటు కాగితాల్లో సగానికి సగం బీడీల్లా చుట్టి, చివర మూతి మడిచి ఉన్నాయి. మడత పెట్టమంటే ఆ వేళ్ళకు తెలిసిన మడత అదొక్కటే. అన్నీ విప్పి చదునుచేసి లెక్కపెట్టేసరికి మధ్యాహ్నం దాటింది. బాలమణి నాలుగు ఓట్లతో గెలిచింది.

లింబాద్రి వారం తిరక్కుండా ఎన్నికల ట్రిబ్యునల్‌కు ఎక్కాడు. గ్రామ ఎన్నికల చట్టంలో నలభై రెండో రూలు ఒకటి ఉంది. అనుమానం వచ్చిన చోట, ఓటు ఎవరు వేశారో ఏ శాస్త్రీయ పద్ధతిలోనైనా తేల్చవచ్చునని దాని సారాంశం. తాతలనాడు దొంగ ఓట్ల బాధ పడలేక రాసుకున్న రూలు అది. అప్పట్లో శాస్త్రీయ పద్ధతి అంటే భూతద్దమే. మగ్గాల పనికి భివండి వలసపోయిన ఆడవాళ్ళ పేర దొంగ ఓట్లు పడ్డాయనీ, కాగితాలన్నీ వేలిజాడతో చదివించమనీ లింబాద్రి అర్జీ పెట్టాడు. అసలు కోరిక ఏమిటో ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. తన జెండా మోసి ఉంగరానికి గుద్దిన వాళ్ళెవరో తేలితే, మర్నాటి నుంచి వాళ్ళ చాటల్లో ఆకు పడదు.

యంత్రం ఓటు కాగితాన్ని చదవగలదో లేదో రెండు వారాల్లో చెప్పమంటూ ట్రిబ్యునల్ బీడీల్లా చుట్టి వచ్చిన ఓట్లలోంచి పది కాగితాలు ముద్ర వేసిన కవరులో పంపించింది.

ఇలాంటి పరీక్షలో పేర్లు కనపడకూడదు. తెర మీద అట్టముక్క సంఖ్య మాత్రమే రావాలి. ఆ నియమం పెట్టింది నవనీతే. కానీ ఆ ఉదయం కూడా అలవాటు కొద్దీ అమ్మ అట్టతో యంత్రాన్ని సరిచూసుకుంది, పేర్లు దాచే మీట నొక్కడం మరిచిపోయింది. పటకారుతో మొదటి ఓటు కాగితం పెట్టింది. నిమిషం తర్వాత తెర మీద శెట్‌పల్లి నర్సుబాయి అని వచ్చింది. అమ్మ అట్ట లోపలే ఉండిపోయిందనుకుని మూత తీసి చూసింది. అట్ట సీసాలో ఉంది. యంత్రంలో ఉన్నది ఓటు కాగితం. దాని మీద ముద్ర స్పష్టంగా కనబడుతోంది.

ఏ గుర్తు మీదో ఈ కథ చెప్పదు. నవనీత మొహం వెలిగిందో వాడిందో కూడా చెప్పదు, అది చెబితే గుర్తు చెప్పినట్టే. ఇంతదూరం తీసుకొచ్చి ఇదేం పేచీ అని చదివేవాళ్ళు విసుక్కోవచ్చు. విసుక్కోండి, తప్పులేదు.

మొదట కలిగింది ఏదైనా, ఆ వెనకే సిగ్గు ముంచుకొచ్చింది. చిన్నప్పుడు ఓటేసి ఇంటికి వచ్చే దారిలో నాయిన ప్రతిసారీ "దేనికేసినవే?" అని అడిగేవాడు. అమ్మ నవ్వి చెంగు సర్దుకునేది తప్ప జవాబు చెప్పేది కాదు. నాయిన బతిమిలాడాడు, బెదిరించాడు, ఒకసారి రెండు రోజులు అన్నం మానేశాడు. తెలుసుకోకుండానే పోయాడు. అంత భద్రంగా దాచుకున్నదాన్ని కన్న కూతురు పటకారుతో పట్టి చూసింది. నవనీత పేర్లు దాచే మీట నొక్కి, మిగతా తొమ్మిదీ చదివించింది. తొమ్మిదికి తొమ్మిది సంఖ్యలూ వచ్చాయి. అవి ఎవరివో చూడలేదు.

ప్రయోగశాల డైరెక్టరు దామోదర్ గారు మంచి మనిషే, సులువైన దారి చెప్పారు. "పనిచేయలేదని రాసెయ్యమ్మా. కాగితం రకం వేరు, సిరా అడ్డొచ్చింది అని నాలుగు ముక్కలు రాస్తే చాలు. ఎవడొచ్చి అడుగుతాడు?"

"కంపెనీ వకీలు అడుగుతాడు సార్. ఓటు కాగితం చదవలేని యంత్రం చుట్టుకాగితం ఎలా చదివిందని పైకోర్టులో అడుగుతాడు. దవాఖాన కార్డులన్నీ పోతాయి."

"పోనీ, పనిచేసిందని రాస్తే?"

"ఓట్లు పోతాయి."

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "మరేం చేస్తావు?"

"మా ఊరికి పోయొస్తాను సార్" అంది నవనీత.

నర్సుబాయి రేకుల పందిరి కింద కూర్చుని తునికాకు కత్తిరిస్తోంది. ఊపిరి సరిలేకపోయినా చేతులు ఊరుకోవు ఆమెకు. కూతురు పక్కన కూర్చుని జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పింది. నర్సుబాయి కత్తెర చాటలో పెట్టింది.

"మీ నాయినకు చెప్పలే. నన్ను కన్నతల్లికి చెప్పలే" అంది. "ఓటేసేకాడ ఆ అట్టల తెర ఎనుక నిలవడ్డప్పుడు నేను టేకేదారు కూలిదాన్ని గాను. మీ నాయిన పెండ్లాన్ని గాను. నీ అవ్వను గూడ గాను. ఆ అద్దనిమిషం నాకు నేనే బిడ్డా. పుట్టి బుద్ధెరిగినంక నాదని ఉన్నది గదొక్కటే. గండ్ల గూడ నువ్వు తొంగి చూస్తివి."

"చూడాలని చూడలేదవ్వా. ఎవరికీ చెప్పను. నువ్వు గుద్దింది..."

"ఆగు!" నర్సుబాయి చెయ్యెత్తింది. "నాకు గూడ చెప్పకు. నీ నోట్లకెళ్ళి ఇనొద్దు నేను."

మళ్ళీ కత్తెర అందుకుని పొద్దుగూకేదాకా ఆకు కత్తిరించింది. నవనీత ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి, బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. అన్నం ముందు కూర్చున్నాక తల్లే అడిగింది.

"మేమిచ్చిన అట్టలు లేకుంటె నీ మిషిన్‌కు పేర్లు దొరుకుతయా?"

"దొరకవు. కానీ అట్టలు లేకపోతే మీరు బీడీలు చుట్టిండ్రని రుజువు కూడా ఉండదవ్వా. కంపెనీ గెలుస్తది. నీ దవాఖాన కార్డు పోతది."

"రోగం కోసరం ఇచ్చిన అట్ట అది. ఓటు కోసరం ఇయ్యలే. మా అట్టలు మాకు వాపసియ్యి" అంది నర్సుబాయి. ఆ మాట అంటూనే దగ్గు తెర ఒకటి రావడంతో పళ్ళెం పక్కకు జరిపింది.

అట్టలు వాపసు అడుగుతూ కాగితాలు రాయించి, వాటి మీద సంతకాలు పెట్టాలని మర్నాడు ఆమె వాడవాడా తిరిగి చెప్పింది. పోసవ్వ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "మందులు లేకుంటె నాకు నాలుగడుగులు ఏస్తె దమ్ము లేస్తది వదినా. నేనెట్ల ఇయ్యాలె?" అంది. "నిన్ను ఇయ్యిమని ఎవలన్నరు?" అంది నర్సుబాయి. "ఎవలిష్టం వాళ్ళది. నువ్వు సంతకం వెట్టినవా లేదా అని నేను సూడ గూడ సూడ." నిజంగానే కాగితాల కట్టను బడి గదిలో పెట్టి తలుపు దగ్గరగా వేసింది. ఒక్కొక్కరే లోపలికి వెళ్ళి వచ్చారు. సాయంత్రానికి రెండు వందల తొంభై ఏడు సంతకాలు ఉన్నాయి. లేని పదిహేనూ ఎవరివని ఎవరూ వెతకలేదు.

ఆ రోజుల్లోనే గ్రామ ఎన్నికల చట్టాన్ని దులిపి కొత్తగా రాయడానికి సర్కారు ఒక సంఘం వేసింది. విశ్రాంత న్యాయమూర్తి ఫరీదా సుల్తానా దానికి అధ్యక్షురాలు. జిల్లా జిల్లాకూ తిరిగి జనం మాట వింటున్నారు. కామారెడ్డిలో సభ మొదలైనప్పుడు గుమాస్తా పాత రూళ్ళు చదువుతుంటే హాలంతా నవ్వులే. ఓటు పెట్టె మోసే ఎద్దుబండికి కందెన సర్కారే ఇవ్వాలట. లాంతరు ఒత్తి బెత్తెడు తగ్గకూడదట. ఓటరు చెప్పులు బయట విడిచి రావాలట. ఆమె ఎర్ర పెన్సిలుతో ఒక్కొక్కటీ కొట్టేస్తూ వచ్చారు. నలభై రెండో రూలు దగ్గర నవనీత లేచి నిలబడింది.

"అమ్మా, ట్రిబ్యునల్‌కు ఇచ్చిన నివేదికే ఇక్కడా ఇస్తున్నాను. యంత్రం పనిచేస్తుంది. పదికి పది చదివింది. ఓటర్ల పేర్లు మాత్రం నేను ఇవ్వను."

లింబాద్రి తరఫు వకీలు ముందు వరుసలోంచి లేచాడు. "అధ్యక్షా, ఈమె నిజం దాస్తోంది. పేర్లు చూసే ఉంటుంది."

"చూశారా?" అన్నారు ఫరీదా సుల్తానా.

 వెనక వరుసల్లో తల్లి ఉంది, ఊరి ఆడవాళ్ళున్నారు. "ఒకటి చూశానమ్మా. నా పొరపాటు వల్ల చూశాను. ఇప్పుడున్న చట్టంలో అది నేరం కాదు. నేరమని రాయండి. నా మీద కేసు పెట్టాల్సి వస్తే పెట్టండి."

"ఎవరిది? ఏ గుర్తు?" వకీలు అరిచాడు. నవనీత పెదవి విప్పలేదు. చెప్పకపోతే ఉద్యోగం ఊడుతుందన్నాడు, ట్రిబ్యునల్ ధిక్కారమన్నాడు. ఆమె అలాగే నిలబడింది. వెనక నర్సుబాయి గుండె ఉప్పొంగిపోయింది. కూతురు డాక్టరు పట్టా తెచ్చిన రోజున కూడా ఆమెకు ఇంత గర్వం కలగలేదు.

సంతకాల కట్ట చంకన పెట్టుకుని నర్సుబాయి మెల్లగా ముందుకు వచ్చింది. "మా అట్టలు మాకు ఇప్పియ్యిండ్రమ్మా" అని కట్ట బల్ల మీద పెట్టింది.

ఫరీదా సుల్తానా ఒక కాగితం చదివి తలెత్తారు. "ఇవి వెనక్కి తీసుకుంటే మీ వైద్యం ఆగిపోవచ్చు. అది తెలిసే అడుగుతున్నారా అమ్మా?"

"ఎరుకనే అమ్మా. రోగం నాదే, ఓటు నాదే. ఒకటి నిలుపుకుంటానికి ఒకటి ఇడువుమంటిరి. గట్లయితె మంచాన వడ్డా మంచిదే, ఓటు ఇయ్య."

హాల్లో నవ్వులు ఎప్పుడో ఆగిపోయాయి. ఫరీదా సుల్తానా నలభై రెండో రూలు కూడా కొట్టేశారు. కానీ పెన్సిలు కింద పెట్టలేదు. "లాంతరు ఒత్తి కొట్టేస్తే సరిపోతుంది, ఇది కొట్టేస్తే సరిపోదు. యంత్రం వచ్చేసింది. ఈమె కాకపోతే రేపు ఇంకొకరు చేస్తారు, పొగాకు కాకపోతే పసుపు, లేకపోతే మిరప. వద్దని రాస్తే సరే, దొంగతనంగా చదివితే ఎలా ఆపుతాం?" అని నవనీత వైపు చూశారు. నవనీత చదవడం ఎలాగో తొమ్మిదేళ్ళు ఆలోచించింది గానీ, చదవకుండా చేయడం గురించి ఒక్కపూట కూడా ఆలోచించలేదు.

"తడిగోనెల పెట్టరాదుండ్రి?" అంది నర్సుబాయి.

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె కాస్త సిగ్గుపడి, మళ్ళీ ధైర్యం తెచ్చుకుంది. "తునికాకు ఎండిది చుడితె పలుగుతది. అందుకని రాత్రి తడిగోనెల చుట్టి పెడ్తం. పొద్దుగాల తీస్తె అన్ని ఆకులు ఒక్కతీరు వాసనుంటయి. ఏ ఆకు ఏ అడివిదో కంపెనీ సేటుకు గూడ ఎరుకగాదు. డబ్బాల కాగితాలు గూడ లెక్కవెట్టక ముందుగాల్నే గట్ల కలిపి పెడితె, నా చేతిది పోసవ్వ కాగితానికి, పోసవ్వది నా కాగితానికి అంటుకుంటదా లేదా?"

నవనీతకు ఒళ్ళు ఝల్లుమంది. అంటుతుంది. ఎందుకు అంటదు? ఆ మరక తడిలో కదులుతుందని తనకు తెలుసు, అందుకే అట్టలను ఇన్నాళ్ళూ పొడి సీసాల్లో దాచింది. ముద్ర సిరా నూనె సిరా, తడికి చెదరదు. ఫరీదా సుల్తానా ఆమె మొహం చూసి అర్థం చేసుకుని, గుమాస్తాతో "రాసుకో" అన్నారు. "రోగానికి ఇచ్చిన జాడ రోగానికే వాడాలి. ఓటు జాడ చదివినా, చదివించినా, తెలిసింది బయటపెట్టినా మూడేళ్ళ జైలు. లెక్కింపుకు ముందు తడిగోనె. మూడోది పనిచేస్తుందని నాకు రుజువు కావాలి డాక్టర్." అట్టలు వాపసు అక్కర్లేదు, ఎక్కడివక్కడే ఉంచమన్నారు. పేర్లు చదివించడం ఆపమని ట్రిబ్యునల్‌కు ఆ సాయంత్రమే ఉత్తరం వెళ్ళింది.

వారం తర్వాత ట్రిబ్యునల్ అధికారి, లింబాద్రి వకీలు, దామోదర్ గారు చూస్తుండగా నవనీత ఆ పది కాగితాలనూ మరో రెండు వందల తెల్లకాగితాలతో కలిపి తడిపిన గోనెలో చుట్టింది. ఆ తెల్లకాగితాలను ఎర్రచెల్క ఆడవాళ్ళే చేతులారా పట్టి పంపారు. గంట తర్వాత తీసి, మొదటి ఓటు కాగితాన్ని యంత్రంలో పెట్టింది. ఈసారి పేర్లు దాచే మీట జాగ్రత్తగా నొక్కింది. యంత్రం గాలి పీల్చింది. నిమిషం గడిచింది. రెండో నిమిషమూ గడిచింది. తెర మీద 'జాడ దొరకలేదు' అని వచ్చింది. రెండోది దొరకలేదు. మూడోది దొరకలేదు. పదీ దొరకలేదు. ముద్రలు మాత్రం నిన్న గుద్దినట్టే ఉన్నాయి. తొమ్మిదేళ్ళు కష్టపడి చదువు నేర్పిన యంత్రం నాకేమీ తెలియదంటుంటే, నవనీతకు తొలిసారి పేరు చదివిన రోజు కంటే ఎక్కువ సంతోషమైంది. దామోదర్ గారు పిల్లాడిలా చప్పట్లు కొట్టారు. వకీలు కాగితాలు సర్దుకున్నాడు.

వానాకాలం సమావేశాల్లో కొత్త చట్టం శాసనసభ దాటింది. లింబాద్రి అర్జీని కొట్టేశారు. బాలమణి సర్పంచిగా నిలిచింది. చట్టం ప్రతి ఊరికి వచ్చిన రోజున నర్సుబాయి పందిరి కింద ఆడవాళ్ళందరూ చాటలతో సహా చేరారు. నవనీత పెద్దగా చదివి వినిపించింది. 'తడిగోనె' అన్న మాట చట్టంలో అచ్చయి కనబడగానే పోసవ్వ ఆ పేజీని కళ్ళకద్దుకుంది. నర్సుబాయికి నవ్వూ దగ్గూ కలిసి వచ్చాయి. ఈ చట్టం నా నోట్లకెళ్ళి వచ్చిందని ఆ రోజు ఆమె కనీసం ఇరవై సార్లు అంది. ఎవరూ విసుక్కోలేదు.

అందరూ వెళ్ళాక తల్లీ కూతుళ్ళిద్దరే మిగిలారు. నర్సుబాయి ఆకు కత్తిరిస్తూ, తల ఎత్తకుండా అడిగింది.

"ఇంతకు మొన్న నేను దేనికి గుద్దిన బిడ్డా?"

నవనీత చట్టం ప్రతిని జాగ్రత్తగా మడిచింది. జీవితంలో ఏనాడూ తల్లికి అబద్ధం చెప్పి ఎరగదు. తల్లి కళ్ళలోకి నేరుగా చూసి చెప్పింది.

"నాకు తెల్వదవ్వా."

నర్సుబాయి కత్తెర పక్కన పెట్టి, పొగాకు మరకల చేతులతో కూతురి తల దగ్గరికి తీసుకుంది.